ఇంజను మామ కారపు గిర్నీ

ఆ రోజుల్లో మా పాలమూరు పల్లెల్లో అచ్చు పుస్తకం కంటబడటమే అరుదు. అందుకే ఒక పుస్తకం చదివినవాడు ఊరికి పండితుడు, రెండు చదివినవాడు ఇక ఎవరి మాటా వినడు. నేను ఒకటిన్నర చదివాను. ఆ సగం పుస్తకం అర్థశాస్త్రం (మిగతా సగాన్ని హైదరాబాదులో నా గదిలోని చెదలు నాకంటే శ్రద్ధగా చదివాయి). మా ఉర్దూ కాలేజీలో ఆ చదువును ‘మాషియాత్’ అనేవాళ్ళు. ఆ మాట పలికినప్పుడల్లా నా మెడ కొంచెం నిక్కేది. గిరాకి అంటే ఏమిటి, సరఫరా అంటే ఏమిటి, ధర తగ్గితే జనం ఎందుకు ఎగబడతారు, ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగేవాణ్ణి. పరీక్షలో మాత్రం చెప్పలేకపోయాను. ఇంటరు తప్పిన కబురు వనపర్తిలో మా నాన్నకు అందింది కాబట్టి, ఆయన కోపం చల్లారేదాకా (అందుకు ఎంతకాలం పడుతుందో మాషియాత్‌లో ఎక్కడా రాయలేదు) ఇటిక్యాలలో మా అమ్మ పుట్టింట్లో తలదాచుకుందామని గద్వాల రైలెక్కాను.

గద్వాల స్టేషన్లో దిగేసరికి మా చిన్నమామ ఎడ్లబండి కట్టుకొచ్చి నిలబడి ఉన్నాడు. నేను వస్తున్నట్టు ఎవరికీ చెప్పనేలేదు. అయినా మేనల్లుడి రాకను ఎట్లా పసిగట్టాడో చూడు అని నా కళ్ళు చెమర్చాయి. మామ నన్ను చూసి, “అల్లుడా, నువ్వు గుడ వచ్చినవా? మంచిగైంది, ఒక చెయ్యి తక్కువ పడ్డది. రా, జర పట్టు” అని నన్ను నేరుగా గూడ్సు పెట్టె దగ్గరికి లాక్కుపోయాడు. ఆయన వచ్చింది నాకోసం కాదు. గోనెపట్టాలు చుట్టుకుని, ఎండుగడ్డి మీద కూర్చుని, అదే రైల్లో నాతోపాటు ఒక ఆయిల్ ఇంజను కూడా దిగింది. పిండి గిర్నీ పెడతానని మామ ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నాడు. విని విని నవ్వుకున్న ఊరివాళ్ళు ఆయనకు ‘ఇంజను’ అని పేరు కూడా పెట్టేశారు. ఇంజను రాకముందే ఆ పేరు సంపాదించుకున్నాడు కాబట్టి, నాకు ఆయన ఎప్పుడూ ఇంజను మామే.

ఆ ఇంజనుకు చేసిన అప్పు తీర్చాలంటే మా తాత (మామకు తండ్రి, మా అమ్మకు కూడా తండ్రే) తన ఎడ్లజతను అమ్ముకోవాల్సి వచ్చింది. తాత ఎట్లా ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గద్వాల నుంచి ఇటిక్యాలకు ఇంజనును లాక్కొచ్చింది కూడా ఆ ఎడ్లే. పాపం, తమ బదులు ఇంటికి వస్తున్నదాన్ని తామే మోసుకొచ్చాయి. ఆ తర్వాతి సంతకే తాత వాటిని కృష్ణ దాటించి పెబ్బేరుకు తోలుకుపోయి అమ్మేశాడు. తిరిగొచ్చి, ఖాళీ అయిన ఎడ్లకొట్టంలో మేస్త్రీ ఇంజను బిగిస్తుంటే అరుగు మీద కూర్చుని మామతో ఒకే మాట అన్నాడు. “మిరుగం కార్తె దాకా చూస్త. తొలకరి పడెటాలకు నీ గిర్నీ నడిస్తె నడిచినట్టు. లేకుంటె దాన్ని అమ్మి ఎడ్లు తెస్త. నువ్వు నాగలి పట్టాలె, మల్ల ఇంజన్ మాట ఎత్తొద్దు.” మామ తలూపాడు. పొయ్యి దగ్గర నుంచి మా అత్త కూడా తలూపింది, ఆమెను ఎవరూ అడగకపోయినా. ఇక ఆ రోజు నుంచి తాత ప్రతి సంతకూ పుట్టిలో ఏరు దాటి పెబ్బేరు వెళ్ళేవాడు. కొనడానికీ కాదు, అమ్మడానికీ కాదు. తన ఎడ్లను కొన్నవాళ్ళు వాటిని బాగా చూసుకుంటున్నారా అని ఆరా తీయడానికి.

గిర్నీ మొదలైంది. ఇంజను ‘కుక్ కుక్’మని కూస్తుంటే పిల్లలు వచ్చారు, ముసలివాళ్ళు వచ్చారు, ఇటిక్యాల కుక్కలన్నీ వచ్చాయి. జొన్నలు మాత్రం రాలేదు. తెల్లారకముందే ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ విసుర్రాళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. మామ ఒక్కొక్కరినీ ఆపి కారణం అడిగేవాడు. ఇంజన్ల పడ్డ పిండి ఉడుకుతది, రొట్టె తట్టంగనె ఇరుగుతది అని ఒకామె. కోడలికి పొద్దున పని లేకపోతే నిద్ర ఎక్కువైతది అని ఒక అత్తగారు. మాకు ఇసుర్రాయి ముందర పాడకుంటె పొద్దు పోదు అని పాటల పెద్దమ్మ. ఈ పాటల పెద్దమ్మ కూలి పనికి పోయే మనిషి, ఊరికి దక్షిణాన చర్చి ఉన్న వాడలో ఉండేది. నాట్లు వేసినా, కలుపు తీసినా, ఆదివారం చర్చిలోనైనా ఆమె గొంతే ముందు లేచేది. కానీ అసలు కారణం ఎవరూ పైకి చెప్పలేదు. దాన్ని మా అత్త బావి దగ్గర విని వచ్చింది. “ఒకరి పిండి రాయికి అంటుకుంటది గద, తర్వాత పోసినోళ్ల పిండిల గది కలుస్తది. ఎవరి ఇంటి పిండి ఎవరు తింటరు? గందుకే ఎవరు ముందు రారు” అంది. ఆ కాలంలో ఎవరి బావి వాళ్ళది, ఎవరి కుండ వాళ్ళది. అందరి గింజలూ ఒకే రాయి కింద పడటమా అని ఊరంతా లోలోపల జంకుతోంది.

నేను అత్త మాటను పక్కకు నెట్టేశాను. (పుస్తకంలో కులం గురించి ఒక్క ముక్క కూడా లేదు. బహుశా చెదలు తిన్న సగంలో ఉందేమో.) “మామా, గిరాకి ధరను బట్టి ఉంటుంది. ధర తగ్గించు, జనం వస్తారు. ధరే తీసేశావనుకో, ఇక గిరాకికి అంతుండదు. ఒకరోజు ఊరికే పట్టి ఇస్తామని చాటింపు వేయించు” అన్నాను. మామ నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. “సదువంటె గిట్లుండాలె! మా అక్క కొడుకు ఫెయిలైండంటె ఎవడు నమ్ముతడు?” అన్నాడు. అత్త మాత్రం, “ఊరికె ఇస్తె ఊరికె వచ్చినోళ్లు ఊరికెనె పోతరు” అని పిండి చేట దులుపుకుంటూ లోపలికి వెళ్ళింది.

చాటింపు వేసిన రోజు సాయంత్రమే గిర్నీకి మొదటి అసలు బేరం తగిలింది. ఊళ్ళో ఒక పెళ్ళివారు బండి మీద ఎండుమిరపకాయల బస్తాలు వేసుకొచ్చి, “జొన్నలు మేం ఇసురుకుంటం గని, గివి దంచలేక మా ఆడోల్ల చేతులు మండిపోతున్నయి. పట్టి ఇస్తవా?” అన్నారు. మామకు పట్టరాని సంతోషం. ఆ సాయంత్రం కొట్టంలో ఎవరి కళ్ళూ ఎవరికీ కనిపించలేదు. తుమ్ముతూ, దగ్గుతూ, ముక్కులకు కండువాలు కట్టుకుని మిరపకాయలన్నీ పట్టి పంపించాం. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. మేము వెతుకుతున్న గిరాకి తనంతట తానే బండెక్కి వచ్చి మా ముందు నిలబడి తుమ్మింది. మేము దాన్ని గుర్తుపట్టలేదు. కారం పట్టిన తర్వాత రాళ్ళ మధ్య కాస్త తవుడో నూకలో పోసి తిప్పాలని కూడా ఎవరికీ తట్టలేదు. ఎట్లా తడుతుంది? మా చుట్టుపక్కల అంతకుముందు ఇంజనులో కారం పట్టినవాళ్ళే లేరు.

మర్నాడు పొద్దున్నే ఊరు ఊరంతా కొట్టం ముందు నిలబడింది. ఉచితం అన్నమాటకు జంకు సగం పోయింది. మిగిలిన సగం వరుస దగ్గర తేలింది. పటేలుగారి భార్యను అందరం పటేలమ్మ అనేవాళ్ళం. గంప తలకెత్తిన జీతగాణ్ణి వెనక పెట్టుకుని ఆమె నేరుగా మామ ముందుకొచ్చింది. “మా గింజలు అందరికంటె ముందుగాల పడాలె. ఇంకొకరి పిండి మా పిండిల కలిస్తె నేను ఊకోను” అంది. రాయి శుభ్రంగా ఉన్నప్పుడు మొదట పోసినవాళ్ళకు ఎవరి ఎంగిలీ అంటదన్నది ఆమె లెక్క. ఆమె తర్వాత తాము అని ఇంకొక ఇల్లు, వాళ్ళ తర్వాత తాము అని మరొక ఇల్లు. అట్లా ఊరి పెద్దరికమంతా మెట్లు మెట్లుగా కొట్టం ముందు బారులు తీరింది. చిట్టచివర దక్షిణపు వాడ ఆడవాళ్ళు, వాళ్ళ ముందు పాటల పెద్దమ్మ. వాళ్ళందరి తర్వాత, ఇంటివాళ్ళం కాబట్టి, మా జొన్నలు.

ఇంజను కూసింది. పటేలమ్మ జొన్నలు రాళ్ళ మధ్య పడగానే కొట్టమంతా ఒక్కసారిగా దగ్గు అందుకుంది. నేను కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, “కిరసనాయిలు పొగ. కొత్త ఇంజన్లన్నీ మొదట్లో ఇట్లాగే ఉంటాయి” అని అందరికీ నచ్చజెప్పాను. ఒకామె పిండి చేతిలోకి తీసుకుని, “గిదేంది, ఎర్రగున్నది?” అంది. “ఇంజన్ వేడికి రంగు తిరుగుతది” అని మామ చెప్పాడు, తాను పుట్టిందే గిర్నీలో అన్నంత ధీమాగా. పటేలమ్మవి పసుపురంగు పచ్చజొన్నలు కాబట్టి ఆమె పిండిలో రంగు అంతగా తెలియలేదు. మధ్యాహ్నానికి అందరూ మూటలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. చివర్న గొట్టంలో, రాళ్ళ అంచుల్లో అంటుకున్నదంతా మామ దులిపి కలిపిన మా పిండి అందగానే అత్త గబగబా రొట్టెలు చేసి తాతకు సద్ది కట్టింది, మర్నాడు పెబ్బేరు సంత కదా. ఆ హడావుడిలో కూర పెట్టడం మరిచిపోయింది. తాత సద్దిమూట భుజానికి తగిలించుకుని ఏటి దారి పట్టాడు. మామ కొట్టం గడప మీద కూర్చుని, “ఇగ చూడు అల్లుడా, రేపటి నుంచి లైన్ ఎట్లుంటదో” అన్నాడు.

రేపటిదాకా ఆగాల్సిన పనిలేకపోయింది. పొద్దు వాలుతుండగా ఊళ్ళో పొయ్యిలు వెలిగాయి. కాసేపటికి ఎక్కడో ఒక పిల్లవాడు కెవ్వుమన్నాడు. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత బావి గిలక మోగడం మొదలై ఆగలేదు. చూస్తుండగానే మా వాకిట్లో జనం. అందరికంటే ముందు పటేలమ్మ, ఒక చేతిలో మజ్జిగ చెంబు, ఇంకో చేతిలో తుంచిన రొట్టె. ఆమె వెనక పటేలుగారు. ఆయన ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడే మనిషి, ఆ రోజు నాలుక బయటికి వేలాడేసుకుని చేతులతో మాత్రమే కోప్పడుతున్నారు. “ఇంటిల్లిపాది నోట్లె నిప్పులు పోసినవు గదయ్యా! ఇది పిండా, కారమా?” అని పటేలమ్మ మజ్జిగ గుక్కల మధ్య అరిచింది. అప్పుడు తెలిసింది మాకు. ఎవరి పిండీ అంటకూడదని మొదట నిలబడ్డవాళ్ళకు కారం అందరికంటే ఎక్కువ అంటింది. వెనక్కి వెళ్ళినకొద్దీ ఘాటు తగ్గుతూ పోయింది. అక్కడ నిలబడ్డవాళ్ళ కళ్ళ ఎరుపు చూసి ఎవరు ఎన్నో వరుసలో నిలబడ్డారో చెప్పొచ్చు. అప్పటికి నాకు నవ్వు రాలేదు, మామ ముఖం చూస్తే ఏడుపొచ్చింది. పటేలుగారు తాళం వెయ్యమని చేత్తో సైగ చేశారు. “మీ నాయిన సంతకెంచి రాని. ఆయన్నే అడుగుత” అని పటేలమ్మ ఆ సైగను మాటల్లోకి మార్చింది. మామ కొట్టానికి తాళం వేశాడు.

మామ ఆ పూట తినలేదు. తెల్లారి కూడా గడప మీదే కూర్చుని ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలనిపించి, “గిరాకి లేని చోట సరఫరా…” అని మొదలుపెట్టాను. “అల్లుడా, నీకు దండం పెడత, జర సేపు ఊకో” అన్నాడు. అంతలో పాటల పెద్దమ్మ వచ్చింది. గంపలో జొన్నలు, పైన గుప్పెడు ఎండుమిరపకాయలు. “నిన్నటి తీరుగనె పట్టియ్యి అయ్యా. కూర లేకున్నా రొట్టె లోపలికి దిగుతున్నది. మా పిల్లలు ఇంకొకటి ఇంకొకటి అని తిన్నరు. పొలంకాడికి మూట కట్టుకపోతె తొక్కు గుడ అక్కర్లేదు” అంది. మామ ఆమెను ఎగాదిగా చూశాడు, వెక్కిరించడానికి వచ్చిందేమోనని. “తాళం వేసిన పెద్దమ్మా. నాయిన వచ్చెదాకా తియ్య” అన్నాడు. “అయితె కూసుంట. మా ఇంటి ముందర కూసున్నా గిదే నేల” అని ఆమె గంప దించి వేపపుల్ల నములుతూ కూర్చుంది. చూస్తుండగా ఆమె వాడ నుంచి మరో ఇద్దరు వచ్చి పక్కన కూర్చున్నారు. ఒకే గిర్నీ పిండి ఒక చివర శాపనార్థాలు పెట్టిస్తే ఇంకో చివర ఇట్లా గంపలు తెప్పిస్తోంది, ఇది ఏ లెక్కన అర్థం చేసుకోవాలో నాకూ తెలియలేదు.

సాయంత్రానికి తాత వచ్చాడు. కళ్ళు ఎర్రగా, ముక్కు కారుతూ, కండువాతో మొహం తుడుచుకుంటూ. ఎడ్లను చూసి ఏడ్చి ఉంటాడని మాకందరికీ అనిపించింది. మామ లేచి నిలబడి, “ఎడ్లు కన్పించినయా నాయినా?” అన్నాడు సన్నగా. “కన్పించినయి. మంచిగనె ఉన్నయి, నన్ను గుర్తు గుడ పట్టలే. గది గాదు” అని తాత అత్త వైపు తిరిగాడు. “కోడలా, సద్దిల కూర ఎందుకు పెట్టలే?” అత్త నాలుక కరుచుకుంది. “పెట్టకుంటెనె మంచిగైంది. తిరిగొస్తుంటె ఏటి రేవుకాడ మూట ఇప్పిన. రాయచూరు దిక్కు ఎడ్ల బేరగాళ్లు పక్కన కూసున్నరు, సగం తుంచిచ్చిన. ముక్కులెంబడి కారుతుంటె గుడ తింటనె ఉన్నరు, ‘చెన్నాగిదె, చెన్నాగిదె’ అంటున్నరు, మంచిగున్నదని. నాకు ఒక్క రొట్టె మిగిల్చి అన్నీ తిన్నరు. మల్ల సంతకు తెస్తవా, కొనుక్కుంటం అన్నరు. ఎండల నడిచెటోనికి కూర కుండ మొయ్యాల్సిన పని లేదు గద.” అని ఆగి, తాళం వైపు చూశాడు. “గదెందుకు ఏసిన్రు?”

పటేలుగారి సంగతి మామ చెప్పాడు. తాత విని, నేరుగా పటేలుగారింటికి వెళ్ళాడు. తిరిగొచ్చి, “తీసెయ్. ఒక్కటె మాట అన్న, ముందుకు నిలబడ్డది మీరే గదా అని” అన్నాడు. ఆ రాత్రి మామ రెండు పూటల తిండి ఒకేసారి తిన్నాడు.

ఇక అక్కడి నుంచి మా గిర్నీ వరుస చూడాల్సిందే. పొద్దున మొదట మిరపకాయలు పట్టేవాళ్ళం, వాటి వెనకే జొన్నలు. ఎవరి నోరు ఎంత మంట ఓర్చుకుంటుందో వాళ్ళు అక్కడ నిలబడేవాళ్ళు. ఘాటు తినే పాటల పెద్దమ్మ అందరికంటే ముందు. పటేలమ్మ మొదట్లో తన జీతగాణ్ణి దొడ్డిదారిన పంపి, “మాది జర నడుమల పొయ్యున్రి” అని చెప్పించింది. తర్వాత తనే రావడం మొదలుపెట్టింది. తన వంతు దాటిపోతుందేమోనని పాటల పెద్దమ్మ భుజం మీదుగా తొంగిచూస్తూ నిలబడేది. “పెద్దమ్మా, మీ తర్వాత ఎంతమంది పోతె నాకు సరిపోతది?” అని అడిగేది. పెద్దమ్మ ఆలోచించి చెప్పేది. ఎవరి పిండి ఎవరి పిండిలో కలుస్తుందన్న మాట మళ్ళీ కొట్టంలో వినబడలేదు. (బావులు మాత్రం చాలాకాలం విడివిడిగానే ఉన్నాయి. గిర్నీ ఒక్కటే అన్నీ చెయ్యలేదు కదా.) పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు సాయంత్రం దాకా ఆగి చప్పటి పిండి పట్టించుకునేవాళ్ళు. ఒకరు జొన్నల్లో నువ్వులు కలిపి తెచ్చారు, ఇంకొకరు జీలకర్ర, మరొకరు వాము. బాగున్నది నిలిచింది, బాగాలేనిది వాళ్ళింటి గేదె తిన్నది. తాత ప్రతి సంతకూ కారపు పిండి మూటలు పెబ్బేరు మోసుకెళ్ళేవాడు. ఇప్పుడు ఎడ్లను చూడ్డానికి కాదు గానీ, దారిలో ఒకసారి పలకరించి వచ్చేవాడు.

ఇంత జరిగాక నా మాషియాత్ మళ్ళీ తలెత్తింది. “అత్తా, మిరపకాయలు ఎన్ని, ఉప్పు ఎంత, వాము ఎంత, ఈ పాళ్ళు ఎవరికీ చెప్పొద్దు. రహస్యం బయటపడితే అందరూ చేసుకుంటారు, మన బేరం పోతుంది” అని హెచ్చరించాను. అప్పటికే అత్త అరుగు మీద ఎదురింటామెను కూర్చోబెట్టుకుని ఆ పాళ్ళే చెబుతోంది. “చెప్తె నా దగ్గర తక్కువైతదా పిలగా? ఆమె చెప్పకుంటె జీలకర్ర సంగతి నాకెట్ల తెలుస్తుండె?” అంది. నేను తల పట్టుకున్నాను. నేను భయపడ్డట్టే అయింది, పెబ్బేరులో ఇంకొకాయన గిర్నీ పెట్టి కారపు పిండి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ కబురు తెచ్చినరోజు నేను అన్నం తినలేదు. కానీ చిత్రం ఏమిటంటే, ఆ తర్వాతి సంతలో తాత మూటలు ఇంకా ముందే అయిపోయాయి. అంతకుముందు కారపు పిండి అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా దానికోసం వెతకడం మొదలుపెట్టారట. పెబ్బేరు ఆయన ఘాటు తక్కువ వేస్తాడట, ఘాటు కావాలన్నవాళ్ళు తాత దగ్గరికి వస్తారట. ఈ సంగతి నా సగం పుస్తకంలో లేదు. మిగతా సగంలో ఉందేమో అనుకుని ఓదార్చుకున్నాను.

మిరుగం దగ్గర పడింది. ఉక్కపోత పెరిగింది, పడమట మబ్బులు లేచాయి. గిర్నీ బాగానే నడుస్తోంది, కానీ తాత ఇచ్చిన గడువు గురించి ఎవరూ నోరు విప్పలేదు. ఆయన మాట ఇస్తే తిరిగేది కాదు. పైగా నేల దున్నాలంటే ఎడ్లు కావాలి, ఇంట్లో ఎడ్లు లేవు. ఆ సంతకు తాత పిండి మూటలతోపాటు పగ్గాలు కూడా భుజాన వేసుకుని వెళ్ళాడు. మామ ఆ పగ్గాలు చూశాడు. మర్నాడు మధ్యాహ్నం ఏటి దారి నుంచి పరుగెత్తుకొచ్చిన పిల్లలు, “తాత ఎడ్లను తోలుకొస్తుండు!” అని అరిచారు. మామ లేచి కొట్టంలోకి వెళ్ళాడు. పానా తీసుకుని ఇంజను బోల్టులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఆ రోజు కొట్టంలో కారం లేదు. అత్త గుమ్మంలో నిలబడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాత వాకిట్లో ఆగాడు. పగ్గాల చివర రెండు కోడెలు. పాతవి కావు, ఇంకా కాడి ఎరగనివి, బెదురు చూపులు చూస్తున్నాయి. తాత కొట్టంలోకి తొంగి చూసి, “ఏంరా, ఎందుకిప్పుతున్నవ్?” అన్నాడు.

“ఎడ్లొచ్చినయి గద నాయినా.”

“ఎడ్లు దున్నెటందుకు. గిర్నీ పిండి పట్టెటందుకు. ఒకటి ఇంట్లకొస్తె ఇంకొకటి ఎల్లిపోవాల్నా? పిండి అమ్మంగ వచ్చినదాంతోనె తెచ్చిన ఈ కోడెలను. బిగియ్యి, బిగియ్యి, రేపు పొద్దున పటేలమ్మ వస్తది. కొట్టం వాటికి సాలదు గని, పక్కన ఇంకొక గుంజ పాతుదాం” అన్నాడు.

మామ చేతిలోంచి పానా జారి కాలి మీద పడింది. ఆయన ఒంటికాలి మీద గెంతుతూ నవ్వుతుంటే, నవ్వుతూ ఏడుస్తుంటే, అత్త అదే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను బోల్టులు ఏరి ఇచ్చాను. ఆ వేసవి మొత్తానికి నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే అని మామ తర్వాత అందరికీ చెప్పేవాడు. మర్నాడు ఇంజను కూయగానే కోడెలు రెండూ పగ్గాలు తెంపుకుని పటేలుగారి పెరట్లో తేలాయి. వాటిని పట్టుకొచ్చేసరికి తొలకరి పడింది.

తర్వాత నేను ఇంటరు ప్యాసయ్యాను. ఆపైన చదివి, గద్వాలలోనే ఇల్లు కట్టుకుని, రిటైరయ్యేదాకా పిల్లలకు అర్థశాస్త్రమే చెప్పాను. ఈసారి చెదలు తినని పుస్తకాలు చదివాను, వాటిలో చాలా మంచి సంగతులున్నాయి. గిరాకి గురించి చెప్పేటప్పుడు ఎందుకో నాకు ముక్కు దురద పెట్టేది. పిల్లలు దానికి ఏదో పేరు పెట్టారని విన్నాను, అడగలేదు.

ఈ మధ్య మా మనవరాలు ఒక కోరిక కోరింది. కాగితాలకు నకళ్ళు తీసే యంత్రం ఒకటి తెచ్చి మన ఇంటి ముందుగదిలో పెడతాను తాతయ్యా, తహసీలు కచేరీకి వచ్చేవాళ్ళు, కాలేజీ పిల్లలు అందరూ మన వీధిలోనే తిరుగుతారు కదా అంది. ముందుగది అంటే నా గది. నా పడకకుర్చీ, నా పుస్తకాల బీరువా ఉండేది అక్కడే. “నకళ్ళు ఎవరు తీయించుకుంటారమ్మా? చేత్తో రాసుకోరూ? అయినా అది ఇక్కడ పెడితే నా పుస్తకాలు ఎక్కడికి పోవాలి?” అన్నాను, కాస్త గట్టిగానే. అని, ఆ ప్రశ్న ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. గడువు పెట్టిన మా తాత, తాళం వేయించిన పటేలుగారు, పుస్తకం చంకలో పెట్టుకుని అందరికీ బుద్ధులు చెప్పిన ఇరవై ఏళ్ళ కుర్రవాడు, ముగ్గురూ నాలోనే కాపురం పెట్టినట్టున్నారు. నాకు నవ్వొచ్చింది. వసారాలోకి కుర్చీ జరుపుకున్నాను. బీరువాకు పక్కగదిలో చోటు దొరికింది, చూస్తే అక్కడ ఎప్పటినుంచో ఖాళీగానే ఉంది.

నిన్న యంత్రం వచ్చింది. బిగించినవాళ్ళు వెళ్ళిపోయాక మనవరాలు, “తాతయ్యా, రా, మొదటి కాగితం నువ్వు పెట్టు” అని పిలిచింది. లేచి వెళ్ళాను. కాగితం పెట్టి మీట నొక్కింది. అది సన్నగా ఒక్కసారి గుర్రుమంది. మనవరాలు నా వైపు చూసి పకపకా నవ్వింది. ఎందుకా అని చూసుకుంటే, నా కండువా నా ముక్కుకు అడ్డంగా ఉంది.